బావ చేసిన ఒకే ఒక్క క్యూ కర్ర

మొన్న బుధవారం, మోకాళ్ళు వద్దంటున్నా వినకుండా, మా నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు అవతల కొత్తగా లేచిన మేడ రెండో అంతస్తుకి, చంకలో గుడ్డసంచీ పెట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాను. అక్కడ పూల్ పార్లరు పెట్టారు. నా ఈడువాళ్ళకి తెలిసేలా చెప్పాలంటే, మన రోజుల్లో ఆఫీసర్ల క్లబ్బులో ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల మీద బిలియర్డ్స్ ఆడేవారు చూడండి, దానికి చిన్నతమ్ముడి వంటి ఆట. బంతుల్ని పొడిచే పొడుగాటి కర్రని క్యూ అంటారు. నా సంచీలో ఉన్నది అదే, రెండు ముక్కలుగా విప్పి పాత పంచెలో చుట్టుకున్నాను. పాత క్యూలు పోగుచేసే ఒకాయన విశాఖపట్నం నుంచి వస్తున్నాడనీ, నచ్చితే మంచి ధర ఇస్తాడనీ పార్లరు యజమాని కబురుపెట్టాడు.

ఆ వచ్చినాయన నా కొడుకు వయసువాడు, మర్యాదస్తుడు. రెండు ముక్కల్నీ మర బిగించి, కర్రని బల్ల మీద పడుకోబెట్టి అరచేత్తో దొర్లించాడు. నలభై వర్షాకాలాలు చూసిన కర్ర, ఎక్కడా ఎగరకుండా, ఊగకుండా, నీళ్ళ మీద తెప్పలా సాగిపోయింది. అతని ముఖం వెలిగిపోయింది. పిడి దగ్గర వేసిన లక్క కట్లని ఫోను వెలుగులో చూశాడు, గోటితో అతుకు వెతికాడు, దొరకలేదు. చేసినవాడి పేరుకోసం అడుగు భాగం తిప్పి చూశాడు. అక్కడున్నది నా పేరు. ఎవరు చేశారని అడిగాడు, మా బావ అన్నాను. ఆయన చేసినవి ఇంకా ఎన్ని ఉన్నాయండీ అని అడిగాడు. ఇదొక్కటే అన్నాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, కాస్త గర్వంగానే అన్నాను.

అతను కర్రని మెల్లిగా బల్లమీద పెట్టేశాడు. తర్వాత నాకు టీ తెప్పించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. క్యూకి విలువ చేసినవాడి పేరును బట్టి వస్తుందట, ఆ పేరు పదిమంది చేతుల్లో పది కర్రలు తిరిగితే వస్తుందట, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చూస్తే గాని అది చేతి పనితనమో ఆ పూట అదృష్టమో ఎవరూ చెప్పలేరట. పని చాలా గొప్పగా ఉందండీ, కానీ దీన్ని కొనేవాడు దొరకడు అన్నాడు. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకోవాలన్నా ముందు చెట్టుకి ఓ పేరుండాలి కదా. రెండో కర్ర పుట్టకపోవడం మా బావ చేతకానితనం కాదు, విధి రాత అంతకన్నా కాదు. పుట్టనివ్వకుండా చేసింది నేను. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడైనా చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను.

మాది గొలుగొండ వైపు చిన్న కమతం. నాన్నకి మేమిద్దరమే, మా అప్పా, నేనూ. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పని వరాహనది ఒడ్డున, లక్క బొమ్మలు చేసే ఊళ్ళో ఇచ్చారు. బావది తాతల నాటి లేతు పని. అంకుడు కర్రని లేతుకి బిగించి, అది గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి బొంగరాలూ, కుంకుమ భరిణెలూ, పిల్లల గిలక్కాయలూ తీసేవాడు. ఆ తిరిగే కర్రకే రంగు లక్క పుల్ల ఒత్తితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. అప్పుడు మొగలి ఆకు మడత పెట్టి వేళ్ళతో అదిమితే లక్క సమంగా పరుచుకుని అద్దంలా తేరుతుంది. ఎంత అదమాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది ఆకు వెనకున్న వేళ్ళే. బావ కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలడని ఊళ్ళో అనేవారు. నేను చూసినంతవరకూ ఆ మాటలో అతిశయం లేదు.

నేను చదువుకుని నర్సీపట్నంలో గుమాస్తాగిరీలో చేరాను. మా ఆఫీసరుగారి వెంట ఫైళ్ళు పట్టుకుని క్లబ్బుకి వెళ్ళి, ఓ మూల నిలబడి చూసి చూసి ఆట నేర్చుకున్నాను, చివరికి ఆయనకి జోడీ దొరకని రోజుల్లో నన్నే పిలిచేవారు. గుమాస్తాకి అంతకన్నా ఏం కావాలి, కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అక్కడ ఒక ముసలి ప్లీడరుగారు ఉండేవారు. ఆయన దగ్గర విదేశీ క్యూ ఒకటి ఉండేది, ఎప్పుడో గతించిన పనివాడు చేసినది, దాన్ని ఆయన ఇంట్లో దేవుడి మందసంలా చూసుకునేవారు. అలాంటిదాని ధర ఏటేటా పెరుగుతుందని ఆయన చెప్పగా వినడం నాకు ఆటకన్నా ఇష్టంగా ఉండేది. అలా వింటూ వింటూనే, మా ఇంట్లో ఇంత పనివాణ్ణి పెట్టుకుని ఒకటి చేయించుకోకూడదా అన్న బుద్ధి పుట్టింది.

బావ ముందు నవ్వాడు. బొమ్మలు చేసే లేతు మీద అంత పొడుగు కర్ర పట్టదన్నాడు. క్లబ్బు క్యూ ఒకటి అడిగి తెచ్చి చూపిస్తే, నాలుగు రోజులు దాన్ని పక్కన పెట్టుకుని, తూచి, వాసన చూసి, మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశాడు. అప్పుడర్థమైంది నాకు, ఒప్పుకున్నాడని. అంకుడు మెత్తన, పనికిరాదని ముందు భాగానికి తెల్లటి బిల్లుడు కర్ర, పిడికి పాత బీరువాలోంచి తీసిన ఇరుగుడు చేవ వెతికి తెచ్చాడు. నేను ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఎంతవరకొచ్చిందని అడిగేవాణ్ణి.

"కర్రకీ ఆకలుంటాది బామ్మర్దీ. ఎండొస్తే ఎండనీ, వానొస్తే నీళ్ళనీ మింగుతాది. దాని ఆకలి తీరీదాకా మనం ముట్టుకోకూడదు," అనేవాడు.

మొదట చేసిన కర్ర ఆ వానాకాలంలో వెంట్రుకవాసి వంగింది. నా కంటికి ఆనలేదు కూడా, అతనే దాన్ని విరిచి పొయ్యిలో పెట్టేశాడు. రెండోది మళ్ళీ మొదలు. లేతు మీద పట్టని ముందు భాగాన్ని చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకి గీకి, సూదిలా సన్నం చేశాడు. గేదెకొమ్ము బిళ్ళ, ఇత్తడి మర, పసుపూ నీలం లక్క కట్లు ఏడు. పది నెలలు పట్టింది. చివర్న ఏ పేరు వెయ్యమంటావని అడిగాడు. నా పేరే వెయ్యమన్నాను. ఆ అడగడంలో తన పేరు వేసుకోమంటానేమోనన్న చిన్న ఆశ ఉందేమోనని నాకు అరవై దాటాక తట్టింది.

ఆ కర్రని క్లబ్బుకి తీసుకెళ్ళిన రోజు నా జీవితంలో పెద్ద పండగ. ప్లీడరుగారు కళ్ళజోడు మార్చి చూశారు. ఇలాంటివి ఒక్కటే ఉండాలి, ఆడకుండా దాచాలి, చేసిన చెయ్యి కాలం చేస్తే ఇక దీని ధరకి పట్టపగ్గాలుండవు, పదేళ్ళు ఓపిక పట్టు, దీన్నమ్మి ఇల్లు కట్టుకుంటావు అన్నారు. సరదాకే అన్నారేమో, ఆయనకి తెలుసు, నాకు మాత్రం వేదవాక్కయిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి కాగితం మీద గుమ్మాలెన్నో కిటికీలెన్నో గీసుకున్నాను. కర్రని నాఫ్తలీన్ ఉండలేసి బీరువాలో పెట్టి తాళం వేశాను. దాంతో ఒక్క ఆటా ఆడలేదు. దానితో బంతి కొడితే ఏం చప్పుడొస్తుందో ఓసారి వినాలనుందని బావ అడిగాడు, తర్వాత చూద్దాంలే అన్నాను.

ఆ దసరాకి వాళ్ళ ఊరు వెళ్ళాను. లేతు పనివాళ్ళకి అది పెద్ద పండగ. పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పీట మీద వరసగా పేరుస్తారు, ఆ రోజు ఎవరూ పని ముట్టరు. ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. ఆ రోజు ఉలి చేతపట్టుకుని మాట ఇస్తే, మాట పుచ్చుకున్నవాడు మళ్ళీ అదే ఉలిని పనివాడి చేతిలో పెట్టి నీ మాట నీకిచ్చేశానని అనేదాకా ఆ మాట తీరదు. నాకది తెలుసు. తెలిసే, పీట మీది ఉలి తీసి బావ చేతికిచ్చి, కర్రమ్మి ఇల్లు కట్టుకుంటానని చెప్పి, ఇలాంటి క్యూ ఇంకెవరికీ చెయ్యనని మాటివ్వమన్నాను.

"ఒకటి సేసినాకే నడుం పడిపోనాది, ఇంకోటి ఎవుడు సేత్తాడురా," అని నవ్వుతూనే మాటిచ్చేశాడు. అప్ప గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె నవ్వలేదు.

ఏడాది తిరక్కుండానే క్లబ్బులో ఒక ఇంజనీరుగారూ, ఒక డాక్టరుగారూ అలాంటి క్యూ కావాలన్నారు. చేసినాయన పని మానేశాడని అబద్ధం చెప్పాను. తర్వాత విశాఖపట్నంలో ఆటసామాన్ల దుకాణం ఉన్నాయన, ఏడాది పొడుగునా ఎన్ని చేస్తే అన్ని తీసుకుంటానని, నన్ను అడిగితే లాభం లేదని, తనే ఊరు కనుక్కుని బావ ఇంటికి వెళ్ళాడు. బావ ఆయనకి మజ్జిగ ఇచ్చి, నిజం చెప్పి, పంపించేశాడట. అవి ప్లాస్టిక్ బొమ్మలు ఊళ్ళ మీద పడిన రోజులు. సంతలో మా బావ గిలక్కాయ పక్కన రంగురంగుల ప్లాస్టిక్ గిలక్కాయ సగం ధరకి పెట్టేవారు, తల్లులు అదే కొనేవారు. వారంలో నాలుగు రోజులు లేతు తిరగని ఇంట్లోంచి ఆ దుకాణదారు ఖాళీ చేతుల్తో వెళ్ళిపోయాడు.

ఒకనాడు పొద్దున్నే మొదటి బస్సులో అప్ప మా అద్దె ఇంటికొచ్చింది. గోంగూర కట్ట చేతిలో పెట్టి, మంచినీళ్ళైనా తాగకుండా చెప్పింది.

"ఆయన నీకు సెప్పరు తమ్ముడా, అందుకని నానొచ్చేను. రెండ్రోజులై పొయ్యిలో పిల్లి నెగట్నేదు. నీకు పోయిందేటుంది, బేగి ఒచ్చి ఆ ఉలి ఆయన సేతిలో ఎట్టీ."

నాకు పోయేది ఏమిటో నేను అప్పటికే లెక్కేసుకుని ఉన్నాను. రెండో కర్ర పుట్టిన రోజున నా కర్ర రెంటిలో ఒకటైపోతుంది, పదోది పుట్టిన రోజున పదింట్లో ఒకటి. గుమ్మాలూ కిటికీలూ కళ్ళముందు కదిలాయి. పండగనాడు ఇచ్చిన మాట పండగనాడే తీర్చాలి అప్పా, దసరా రానీ అన్నాను. అలాంటి నియమమేమీ లేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె నా ముఖం వంక ఒక్కసారి చూసి, వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది. ఆ దసరాకి నేను ఆఫీసు పనుందని వెళ్ళలేదు. పనేమీ లేదు, ఆ రోజంతా ఇంట్లోనే ఉన్నాను.

మరుసటేడు బావ మాకవరపాలెం వైపు ఒక జీడిపిక్కల బట్టీలో కూలికి చేరాడు. జీడి పని ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాల్చిన పిక్క పగలగొడితే కారే జిడ్డు చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు, అయినా వేళ్ళు నల్లబడి పొరలు పొరలుగా ఊడతాయి. నేనొకసారి ఆ దారిన జీపులో వెళుతూ, రోడ్డు పక్కన బట్టీ ముందు పిక్కలు కొడుతూ కూర్చున్నవాళ్ళలో బావని చూశాను. జీపు ఆపమనలేదు. ఆఫీసరుగారు పక్కనున్నారు.

ఆ తర్వాత రెండేళ్ళకి నేను ఇల్లు కట్టుకున్నాను, ఆఫీసులో ఇచ్చిన లోనుతో. కర్ర అవసరమే రాలేదు, అది బీరువాలోంచి కదలనే లేదు. గృహప్రవేశానికి బావ చలవ చేసిన చొక్కా తొడుక్కుని, కుడిచేతి వేళ్ళకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గదులన్నీ తిరిగి చూశాడు. గోడలు చరిచి చూశాడు. మనిషి ఎందుకో చాలా ఉత్సాహంగా ఉన్నాడు. జనం పల్చబడ్డాక నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అడిగాడు.

"కర్రమ్మీసేవా బామ్మర్దీ?"

లేదు బావా, ఇంకా పెరుగుతుంది, అప్పుడే ఎందుకన్నాను. ఓహో అన్నాడు. భోజనం దగ్గర తక్కువ తిన్నాడు, సాయంత్రం దాకా ఉంటానన్నవాడు మధ్యాహ్నం బస్సుకే బయల్దేరాడు. నాకు పనుల తొందరలో అదేమీ పెద్దగా పట్టలేదు.

ఇంకో ఏడాదికి, ఎవరో ఊళ్ళోవాళ్ళు ముఖం మీదే నాలుగు మాటలంటే, సిగ్గేసి దసరాకి వెళ్ళాను. పీట మీది ఉలి తీసి బావ చేతిలో పెట్టి, నీ మాట నీకిచ్చేశానన్నాను. దాన్ని ఆయన పట్టుకోగానే కింద పడింది. ఆ మర్నాడు, నా మాట కాదనలేక, చిన్న కర్రముక్క లేతుకెక్కించి లక్క ఒత్తి, మొగలి ఆకు అదిమాడు. లక్క ఒకచోట గుట్టలా పేరుకుంది, ఇంకోచోట మాడి కమురు వాసన వచ్చింది. లేతు ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏలికి ఏటీ తెలీట్నేదు బామ్మర్దీ. వేడో సలవో తెలీట్నేదు," అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని తేలిగ్గా వాడేస్తుంటాం. ఇక్కడ కాలింది నా చేతులు కావు.

మరి మూడేళ్ళకి బావ పోయాడు. దగ్గుతో మొదలై ఛాతీలోకి దిగిందన్నారు. నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు, అప్ప గోడకి ఆనుకుని కూర్చుంది. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులుగా తన్నుకుంటున్నాను, రాసేస్తున్నాను. ఆయన కాళ్ళ దగ్గర నిలబడి దణ్ణం పెడుతున్నప్పుడు, ఇక దీని ధరకి పట్టపగ్గాలుండవన్న మాట నా తలలో మెదిలింది. రెప్పపాటు కాలమే. నేను పిలవలేదు, దానంతటదే వచ్చింది, కానీ వచ్చింది నా తలలోకే. నాలాంటివాణ్ణి పాడె మొయ్యనిచ్చారు.

బుధవారం నాటి సంగతి తర్వాత నిద్ర లేదు. ఆదివారం తన కూతురి దగ్గరుంటున్న అప్పని చూడ్డానికి వెళ్ళాను. ఆమెకి ఎనభై దగ్గర పడుతోంది, చెవులు బాగానే పనిచేస్తాయి. చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. ఆ కర్రని కొనేవాడే లేడన్నారని, ఇంకో పది చేసి ఉంటే అన్నిటికీ విలువ వచ్చేదట అని, బావ పేరు నిలిచేదట అని చెప్పి, నన్ను క్షమించమని అడిగాను. తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండును.

"నీ గృహప్రవేశం కబురొచ్చింది సూడు, ఆ రోజు ఆయనకి కాలు నిలవనేదురా. కర్రమ్మి ఇల్లు కట్టీసేడు, ఇంక ఆ ఉలి నా సేతిలో ఎట్టీత్తాడు, అని అందరికీ సెప్పుకున్నారు. సంతకెళ్ళి, దొరికిన కాడ అప్పుసేసి, రెండు వీశల లక్క తెచ్చి మూల ఎట్టుకున్నారు. నీ ఇంటికాణ్ణించొచ్చి, ఆ మూట అటక మీద పడీసేరు. అప్పటికింకా ఆయన ఏళ్ళకి వేడీ సలవా తెలిసీది," అంది, మళ్ళీ పిక్కలు తీసుకుంటూ.

ఇప్పటి పిల్లలు ఒకరి దగ్గరొకరు మాట పుచ్చుకోవడం చూడను. కాగితం రాసుకుంటారు, గడువు వేసుకుంటారు, గడువు తీరగానే ఎవరి దారిన వాళ్ళు పోతారు. మన కాలంలో మాటంటే మాటేనని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటుంటే ఒకప్పుడు నేనూ తలూపేవాణ్ణి. ఇప్పుడు ఊపలేను. మా బావకి నేనొక కాగితం రాసిచ్చి ఉంటే, దాని మీద ఏదో ఒక తేదీ ఉండేది, ఆ తేదీ దాటిన మర్నాడు ఆయన లేతు దగ్గర కూర్చునేవాడు. ఆ వీధిలో ఇప్పుడు లేతు చప్పుడు వినిపించే ఇళ్ళు బహు తక్కువ, బావ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు లేతు ఉన్నచోట మోటారుసైకిలు పెట్టుకుంటున్నారు. సాయంత్రం బస్సుకి లేస్తుంటే అప్ప నా చేతిలో చింతపండు పొట్లం పెట్టింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను.